ఏడో గుంటలో మిగిలిన సగం

మార్చి 11, మంగళవారం

ఉదయం పదకొండూ ఇరవైకి రోడ్డు ఫోర్‌మన్ ఏడో గుంటలో పడి చనిపోయాడు.

రోడ్డు పడేలోపు మా పురావస్తు బృందం తవ్వుతున్న పాతకాలపు గుంటల్లో ఇదొకటి. నిలువెత్తు మనిషి కంటే కాస్త లోతు. పడమటి సగం అడుగు దాకా తవ్వేశాం. తూర్పు సగం ముట్టుకోలేదు, గోడలా నిలబడి ఉంది. ఆ సగం మీద నిలబడ్డవాడు వెల్లకిలా ఈ సగంలో పడ్డాడు. అడుగున పాతకాలం వాళ్ళు పరిచిన రాళ్ళున్నాయి. తల వెనకభాగం వాటికి తగిలింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

టీ సమయం. పనివాళ్ళంతా మట్టిదిబ్బకు అవతల టార్పాలిన్ కింద ఉన్నారు. ఇవతల ఉన్నది నలుగురం. నేను, ఫోర్‌మన్, మట్టి తవ్వే మిషను మీద మా తమ్ముడు, పక్కనున్న ఎనిమిదో గుంటలో నత్త. మిగతావాళ్ళు టీ తాగి గ్లాసులు కడిగేసే వేళకు తాపీ పక్కన పెట్టే మనిషి గనక అతనికి ఆ పేరు.

నేను పాతకాలపు ఇంటి గుంజ గుంతల వరస దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాను. నా వీపు అటు వైపు ఉంది. మిషను ఇంజను ఆగి ఉంది. శబ్దం విని తిరిగాను. అప్పటికే పడిపోయాడు.

నత్త పార చేత్తో పట్టుకునే పైకి వచ్చాడు, ఒక్క క్షణం చూశాడు, ఏడో గుంటలోకి దూకాడు. అతను పరిగెత్తగా చూడటం నాకిదే మొదలు. ఫోర్‌మన్ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చొక్కా, చేతులు, పార పిడి అంతా రక్తం.

ఇన్‌స్పెక్టర్ వచ్చి పైనుంచే చూశాడు.

"అంచు జారిందా మేడం?"

"జారి ఉండొచ్చు."

"ఈ మిగిలిన సగం మీద నేలేంటి, ఇంత నున్నగా ఉంది?"

"పొద్దున తాపీలతో గీకి శుభ్రం చేశాం. ఫొటో కోసం."

"మా ఇంటి గచ్చు కూడా ఇంత నున్నగా లేదు. మీవాళ్ళని ఓసారి పంపాలి" అన్నాడు. నవ్వబోయి, గుంటలోకి చూసి మానేశాడు. "మిషను?"

"ఆగి ఉంది."

తమ్ముడూ అదే చెప్పాడు. ఇంజను ఆపేసి టీకి దిగబోతున్నానని.

ప్రమాదం అని రాసుకుని వెళ్ళారు.

ఫోర్‌మన్ అడుగున మేం తేల్చిన కాళ్ళ ఎముకల మీదే పడ్డాడు. రెండు పిక్క ఎముకలు విరిగాయి. పాత ఎముక పైన మట్టి రంగులో ఉంటుంది, ఇప్పుడు విరిగితే లోపల సున్నంలా తెల్లగా కనిపిస్తుంది. ఎవరూ పొరబడే వీలు లేదు.

అదే రోజు, సాయంత్రం

నా వీపు అటు వైపు ఉంది.

మార్చి 12, బుధవారం

ఫోర్‌మన్ తాలూకు వాళ్ళు వచ్చారు. ఒక వ్యానులో, ఇనప రాడ్లతో. ఎవరినీ ఏమీ అడగలేదు. "నత్తగాడెవడు?" అని మాత్రం అడిగారు.

సోమవారం జరిగింది వాళ్ళకెవరో చెప్పారు. ఆ రోజు ఫోర్‌మన్ రోలర్ తెచ్చి, నేల ఎలా ఉందో చూస్తానంటూ గుంజ గుంతల మీదకు ఎక్కించాడు. వాటిలో నిలబెట్టిన గుంజలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. మిగిలినవి నల్లమట్టి గుండ్రాలే. వాటిని కలుపుకుంటూ పోతే ఒక ఇంటి ఆకారం వస్తుంది. నత్త వారం రోజులు తీసిన గోడ వరస రోలర్ కింద చదునైపోయింది. నేను అడ్డం వెళ్ళి నిలబడ్డాను. "నాలుగు వేల ఏళ్ళ కిందట ఎవడో తవ్వుకున్న గోతుల కోసం నా రోడ్డు ఆపుతావా?" అని ఫోర్‌మన్ నన్ను నెట్టాడు. రోలర్ చక్రం మీద పడ్డాను. ఎడమ మోచేతి పైన కమిలింది.

అప్పుడు నత్త అందరి ముందూ అన్నాడు: "నిన్ను ఈ గుంటలోనే పూడుస్తా చూడు."

మనవాళ్ళు నవ్వారు. నత్త పూడ్చడం మొదలుపెడితే సగం పూడేలోపు ఫోర్‌మన్ ముసలివాడై తనంతట తానే పోతాడని ఎవరో అన్నారు. నత్త కూడా నవ్వాడు. ఫోర్‌మన్ నవ్వలేదు.

ఆ మాట ఇవాళ వ్యానెక్కి వచ్చింది.

నత్తను సామాన్ల షెడ్డులోంచి బయటకు లాగారు. మొదటి దెబ్బ మోకాలి వెనక. పడ్డాక వీపు మీద, పక్కల మీద. తర్వాత ఒకడు చెయ్యి నేలకు అదిమి పట్టుకున్నాడు, ఇంకొకడు రాడ్డుతో వేళ్ళ మీద కొట్టాడు. కుడి చెయ్యి. తాపీ పట్టే చెయ్యి అని వాళ్ళకు తెలిసి కాదు, దగ్గరగా దొరికింది అదే. ఎముక విరిగిన శబ్దం ఎండుకొమ్మ శబ్దంలా ఉంటుందంటారు. అలా లేదు. తడిగుడ్డ పిండినప్పటి శబ్దంలా ఉంది.

మేం ఏడుగురం అక్కడే ఉన్నాం. ఇద్దరు అడ్డం వెళ్ళి రెండేసి దెబ్బలు తిని వెనక్కి వచ్చారు. నేను ఫోన్ చేశాను. తమ్ముడు మిషను క్యాబిన్‌లోనే కూర్చుని ఉన్నాడు. దిగలేదు. అంత బలం ఉన్నవాడు.

పోలీసులొచ్చేసరికి వ్యాను వెళ్ళిపోయింది. నత్త పక్కకు తిరిగి ఉమ్మాడు. ఒక పన్ను వచ్చింది. దాన్ని చూసి, "లేబుల్ వేసి సంచిలో పెట్టండి మేడం" అన్నాడు.

సోమవారం సాయంత్రం నా చెయ్యి సంగతి తమ్ముడికి నేను చెప్పలేదు. వాడే చూశాడు.

మార్చి 13, గురువారం

పోస్టుమార్టం వచ్చింది. తల వెనక పగిలింది, అది రాళ్ళ వల్ల. దాంతో పాటు ముందువైపు మూడు పక్కటెముకలు విరిగాయి. వెడల్పాటి, చదునైన ఇనప వస్తువుతో బలమైన దెబ్బ. పడితే తగిలేది కాదు. కొడితే తగిలేది.

చదునైన ఇనప వస్తువు. రక్తం ఉన్న పార. అందరి ముందూ అన్న మాట. వాళ్ళకు ఇంకేం కావాలి? ఆసుపత్రి మంచం మీదే నత్తను అరెస్టు చేశారు. తలుపు దగ్గర కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టారు.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చాడు. షెడ్డులో నా బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద మేకులు, లేబుళ్ళు, మట్టి సంచులు. ఒక మేకు తీసి తిప్పుతూ అడిగాడు.

"నత్త కొట్టడం చూశారా?"

"లేదు."

"కొట్టకపోవడం చూశారా?"

"నా వీపు అటు వైపు ఉంది."

"మీరు శబ్దం విని తిరిగానన్నారు. ఏం శబ్దం మేడం?"

"పడ్డ శబ్దం."

"సరే" అన్నాడు. మేకు బల్ల మీద పెట్టేశాడు. "గుంట చుట్టూ కట్టిన తాడు తీసేస్తున్నాం. మీ పని మీరు చేసుకోవచ్చు. రోడ్డు కంపెనీవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

మధ్యాహ్నం నాలుగో గుంటలో పుర్రె పూర్తిగా బయటపడింది. నుదుటికి ఎడమ పక్కన పగులు. కోడిగుడ్డంత చొట్ట, చుట్టూ సాలెగూడులా గీతలు. పగిలిన అంచులు మిగతా ఎముక రంగులోనే ఉన్నాయి, అంటే దెబ్బ ఆనాటిదే. మానిన గుర్తు లేదు, అంటే ఆ దెబ్బతోనే పోయాడు. ఎడమ నుదురు, ముందు నుంచి. కొట్టినవాడు కుడిచేతి వాటం మనిషి. ఎదురెదురుగా నిలబడి కొట్టాడు. ముంజేయి ఎముక కూడా విరిగింది, అడ్డం పెట్టినట్టున్నాడు. పూడ్చలేదు, పారేశారు. కాలు ఒకటి వీపు కిందకు మడతపడి ఉంది.

ఇవన్నీ రిపోర్టులో రాశాను. ఒక్క చోటా "ఉండొచ్చు" అని రాయాల్సిన అవసరం రాలేదు.

ఏడో గుంటలోనూ ఇలాంటివాళ్ళే ఉన్నారు. రెండు జతల కాళ్ళు. మోకాళ్ళ దాకా మా వైపు, పైభాగం తవ్వని సగంలో. తలలు అక్కడే ఉండాలి. ఆదివారం లోగా తీయకపోతే సోమవారం రోడ్డు కిందకు పోతాయి.

పనివాళ్ళలో ఒకామె అంది: "ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు కదా మేడం. మరి ఈ గొయ్యి తీసినవాడు పోయి నాలుగు వేల ఏళ్ళయింది. వీడెందుకు పడ్డట్టు?"

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు టీ పారబోసి మిషను వైపు వెళ్ళిపోయాడు.

గురువారమే, ఇంటికొచ్చాక

వంటగదిలో నేను గ్లాసులు కడుగుతున్నాను. ఈ అద్దె ఇంట్లో సింకు కిటికీ కింద ఉంది, కిటికీ రెక్క రంగేసినప్పుడు అతుక్కుపోయి తెరుచుకోదు. మరదలు పొయ్యి దగ్గర. తమ్ముడు గుమ్మంలో.

"మూడు రోజులుగా నిద్రపోవట్లేదు, తినట్లేదు. ఏమైందో చెప్తేనే కదా తెలిసేది" అంది.

"ఏం కాలేదు."

"మరి నత్తని కొడుతుంటే చూస్తూ కూర్చున్నారట. అతను మనింటికొచ్చి తిన్న మనిషి. అందరూ అడుగుతున్నారు."

"అందరూ ఎవరే?"

"నన్నడుగుతారేంటి? చేతిలో మిషను పెట్టుకుని..."

దెబ్బ శబ్దం. గిన్నె శబ్దం. తర్వాత మరదలు నేల మీద కూర్చుని ఉంది, పెదవి చిట్లి గడ్డం దాకా రక్తం. వేడినీళ్ళు మోకాలి మీద పడ్డాయి. తమ్ముడు తన చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. బయటకు వెళ్ళి ఇనప మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. మెట్లు ఊగిన శబ్దం లోపలికి వినిపించింది.

నేను గుడ్డ తడిపి ఇచ్చాను. పెదవి మీద పెట్టుకుంది. నావైపు చూసి అడిగింది.

"మీరూ చూడలేదా వదినా?"

నా వీపు అటు వైపు ఉంది.

మార్చి 14, శుక్రవారం

మిషను బకెట్టుకు పళ్ళు లేవు.

మార్చి 14, మళ్ళీ

పొద్దున ఆ ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను. పనికి వెళ్ళే ముందు ఆసుపత్రికి వెళ్ళాను.

నత్త కుడి చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. ఎడమ చెయ్యి సంకెలతో మంచానికి. ముక్కు మీద ఈగ వాలితే ఊదుకుంటున్నాడు. కానిస్టేబుల్ తలుపు దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు.

నాకు నత్త అంటే పెద్దగా ఇష్టం లేదు. ఆ సంగతి ఇక్కడైనా రాయాలి. అడిగిన పని అడిగిన వేళకు ఇవ్వడు. నేను తిడితే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు. ఇప్పుడూ అలాగే ఉన్నాడు.

"ఎలా ఉన్నావ్?"

"తీరిగ్గా ఉన్నా. ఇక్కడ ఎవరూ తొందరపెట్టరు." తర్వాత గొంతు తగ్గించాడు. "మేడం, నేను గుంట అడుగున ఉన్నా. పైన ఏం జరిగిందో చూడలేదు. వీళ్ళు నమ్మట్లేదు. మీరు చెప్పండి."

"ఏం చెప్పను?"

"నేను దేన్నీ అంత త్వరగా చెయ్యనని చెప్పండి. మీకంటే బాగా ఎవరికి తెలుసు?"

నవ్వాడు. పన్ను పోయిన చోట కుట్టు కనిపించింది. నవ్వు ఆగాక అన్నాడు: "నేను చూళ్ళేదు గానీ, విన్నా. ఇంజను విన్నా. ఆగున్న ఇంజను కాదది. వీళ్ళకింకా చెప్పలేదు. మీరేమన్నారో కనుక్కుని చెబుదామని ఆగా."

నేనేమన్నానో చెప్పాను. కాసేపు కట్టు వైపు చూసుకున్నాడు.

"మీ తమ్ముడా" అన్నాడు. అడిగినట్టు లేదు. "అయితే నేనేమీ వినలేదు లెండి. మీరు చెప్పేదాకా."

తిట్టి ఉంటే సులువుగా ఉండేది.

సైటుకు వెళ్ళాను. ఏడో గుంట తూర్పు సగం మీద కప్పిన పట్టా తీశాను. ఎండ ఏటవాలుగా పడుతోంది.

సగం కోత అంచు కత్తితో కోసినట్టు ఉంది. ఎక్కడా చిట్లలేదు. అంచు జారి మనిషి పడితే అంచు విరగాలి. కాలు తడబడినా మడమ దిగిన గుర్తుండాలి. పైన నేల మీద, తూర్పు నుంచి అంచు దాకా, బకెట్టు వెడల్పున ఒక పట్టీ. అరచేతి మందం మట్టి చెక్కినట్టు లేచిపోయింది. గుంట నంబరు కట్టిన మేకు కూడా లేదు. మేం తాపీతో గీకితే చేతి ఊపుకు గీతలు వంకరగా పడతాయి. ఇక్కడ ఒక్క ఊపు, తిన్నగా.

రోడ్డువాళ్ళ మిషన్ల బకెట్లకు పళ్ళుంటాయి. నేల మీద దువ్వెన పెట్టినట్టు చారలు పడతాయి. మా మిషనుకు మాత్రం పళ్ళు లేని బకెట్టు. నల్లమట్టి గుండ్రాలు చెదరకుండా పైమట్టిని పొరలు పొరలుగా తీయాలి గనక. పోయిన నెల దాని అంచు రాతికి కొట్టుకుని ఒక నొక్కు పడింది. అప్పట్నుంచి అది గీసిన ప్రతిచోటా దారమంత సన్నటి గట్టు మిగులుతోంది. ఆ దారం ఇక్కడ ఉంది. మొదటి నుంచి అంచు దాకా.

ఫొటోలు తీశాను. ఫొటోలో అది నున్నటి నేల, అంతే. కూర్చుని, తల నేలకు ఆనించి, ఎండకు ఎదురుగా చూస్తే తప్ప కనపడదు.

మంగళవారమే ఆ దారం నాకు కనిపించింది. అందుకే తాపీలతో గీకామని చెప్పాను.

సరిగ్గా రాస్తాను.

మంగళవారం ఫోర్‌మన్ తవ్వని సగం మీద నిలబడ్డాడు, వీపు గుంట వైపు. నేను గుంజ గుంతల దగ్గర ఉన్నాను. అతన్ని చూస్తూ ఉన్నాను. ఎందుకంటే నాతోనే మాట్లాడుతున్నాడు. "నిన్నటి దెబ్బ సరిపోలేదా? రెండో చెయ్యి కూడా ఇస్తావా?" అన్నాడు. మిషను ఇంజను నడుస్తూనే ఉంది. మోత పెరిగింది. మిషను తొండం కిందకు దిగి, నేలను రాసుకుంటూ వచ్చింది. ఫోర్‌మన్ రెండు చేతులూ ముందుకు పెట్టాడు. బకెట్టు పై అంచు రొమ్ముకు తగిలింది. కాళ్ళు నేల వదిలేశాయి. గుంట అంచును తాకనేలేదు. తొండం వెనక్కి వెళ్ళింది. బకెట్టు మెల్లగా నేల మీద దిగింది. ఇంజను ఆగింది.

తమ్ముడు నావైపు చూశాడు. నేను గుంజ గుంత వైపు తిరిగాను. నా వీపు అటు వైపు తిరిగింది అప్పుడు.

పొరపాటున తగిలిందని రాయడానికి వీల్లేదు. పోయిన నెల పందెం కాసి, నిండు టీ గ్లాసును ఆ బకెట్టుతో ఎత్తి, తొణక్కుండా నా బల్ల మీద పెట్టినవాడు వాడు.

ఇంకొకటి. సోమవారం సాయంత్రం నా చెయ్యి వాడంతట వాడు చూడలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచింది నేను. "నువ్వుండగా నాకిది జరిగింది" అన్నాను. ఆ మాట అన్నప్పుడు వాడి మొహం చూశాను. అయినా ఆపలేదు. మడిచిన చెయ్యి కాసేపు అలాగే ఉంచాను.

మార్చి 15, శనివారం

కంపెనీ ఇంజనీరు పొద్దున్నే ఫోన్ చేశాడు. సోమవారం రోలర్ దిగుతుంది, ఆదివారం లోగా ఏడో గుంట తేలిపోవాలి. టైము లేనప్పుడు రెండో సగాన్ని మిషనుతో తీయడం మా పద్ధతే. సగం చూశాం, గీశాం, రాశాం, ఇక మిగిలిన సగం ఎలా తీసినా తప్పు లేదు. షెడ్యూలు మీద సంతకం కూడా నాదే. ఆదివారం ఉదయం ఏడింటికి మిషను.

ఆ షెడ్యూలు చదువుకున్నప్పుడు నిన్నటి దాకా నాకు హాయిగా ఉండేది. అదీ రాస్తున్నాను. నేను ఏమీ చెయ్యక్కర్లేదు. పని పనిలా జరిగిపోతే చాలు, ఆ బకెట్టు గీత ఉండదు. పైగా రెండు తలలు దొరుకుతాయి.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను. చూసింది చెప్పాను.

"మంగళవారం ఒకటి చెప్పారు. గురువారం అదే చెప్పారు. ఇవాళ ఇంకోటి. సొంత తమ్ముడి మీద. కోర్టులో మిమ్మల్ని ఉతికి ఆరేస్తారు మేడం."

"నా మాట వదిలేయండి. నేల ఉంది. వచ్చి చూడండి."

"ఫొటోలు పంపారుగా. ఉత్త మట్టి. నాకేం కనపడలేదు."

"అందుకే రమ్మంటున్నా. చూపిస్తా. మిషను పక్కనే ఉంది, బకెట్టు నొక్కు పక్కన పెట్టి చూపిస్తా."

"ఊళ్ళో లేను. రేపు ఎనిమిదింటికి ముందు రాలేను."

"కానిస్టేబుల్‌నైనా పంపండి, గుంట దగ్గరికి."

"ఉన్న ఒక్కడూ ఆసుపత్రిలో నత్తకి కాపలా ఉన్నాడు" అన్నాడు. అన్నాక ఆ మాట తనకే ఎలా వినిపించిందో, గొంతు సవరించుకున్నాడు. "ఎనిమిదింటికి వస్తా. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

ఇంజనీరుకు ఫోన్ చేసి, సంగతి చెప్పి మిషను వద్దన్నాను. "మీ ఇంటి గొడవలు మీరు చూసుకోండి మేడం. డ్రైవరు మీ తమ్ముడే కదా, ఆయన వస్తానన్నాడు" అని పెట్టేశాడు.

అప్పుడు తమ్ముడితో చెప్పాను. వెనక నుంచి చెయ్యదలుచుకోలేదు. వంటగదిలోనే. మరదలు ఉంది.

"రేపు మిషను తీసుకురాకు. ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. చూసింది చెప్పేశాను."

వాడు నీళ్ళు తాగుతున్నాడు. పూర్తిగా తాగి గ్లాసు బోర్లించాడు.

"ఏం చూశావక్కా? నీ వీపు అటుందిగా."

"లేదురా."

"నీకోసమే కదా. ఎవడికోసం చేశాననుకుంటున్నావ్? నాన్న బెల్టు తీస్తే నీకు అడ్డంగా వీపు పెట్టినవాణ్ణి. ఇప్పుడా వీపు వెనకే గోతులు తవ్వుతావా?"

"నత్త వేళ్ళు విరిగాయి. ఉరో, యావజ్జీవమో పడుతుంది. వాడేం చేశాడు?"

"వాడు నీకేమవుతాడు? రోజూ నువ్వు తిట్టేవాడే కదా. నేనేమవుతా? చెప్పు. నేనేమవుతా?"

"తమ్ముడివి. అందుకే నీతో చెప్పి చేస్తున్నా. పోలీసులు రాకముందే నువ్వే వెళ్ళి చెప్పు. నేను పక్కన నిలబడతా. చెయ్యి చూపించి నిన్ను ఉసిగొల్పింది నేనేనని కూడా చెబుతా."

ఎడమ దవడ మీద తగిలింది. కుడి చెయ్యి, ఎదురెదురుగా, తెరిచిన అరచెయ్యి కాదు. నేను చెయ్యి అడ్డం పెట్టే వ్యవధి లేదు. కిటికీ కింద సింకు అంచుకు తల తగిలింది. ఒక చెవిలో ఇంకా మోత ఉంది. నోట్లో రక్తం, లోపలి చెంప తెగింది. పళ్ళు కదల్లేదు.

రెండోసారి చెయ్యి ఎత్తాడు. మరదలు మధ్యకు వచ్చింది. ఆమె చేతిలో ఏమీ లేదు. చిట్లిన పెదవి ఇంకా మానలేదు.

"కొట్టండి. ఈసారి ఇద్దరం చూస్తున్నాం" అంది.

చెయ్యి దిగింది. జేబులో మిషను తాళాలు గలగలమన్నాయి. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఏడింటికి వస్తానక్కా. నీ తలలు రెండూ చెదరకుండా తీసి నీ చేతిలో పెడతా. నా చెయ్యి నీకు తెలుసుగా. ఆ తర్వాత అక్కడ సగమూ ఉండదు, గీతా ఉండదు. ఎవడికి చెప్పుకుంటావో చెప్పుకో."

ఇనప మెట్లు దిగిపోయాడు. పడుకోవడానికి సైటు షెడ్డుకే వెళ్ళి ఉంటాడు. మిషను అక్కడే ఉంది.

మరదలు తలుపు గడియ పెట్టింది. నా దవడ మీద తడిగుడ్డ పెట్టింది. గురువారం నేను ఆమెకిచ్చిన గుడ్డే. ఉతికినా మరక పోలేదు.

"రేపు నేనూ వస్తా వదినా" అంది.

"దిబ్బ మీద నిలబడు. గుంట దగ్గరికి రాకు. అక్కణ్ణుంచి అంతా కనిపిస్తుంది."

"మీరెక్కడుంటారు?"

చెప్పాను. ఆమె లేచి చెప్పులు గుమ్మం దగ్గర సర్ది పెట్టింది, నావి, తనవి.

పళ్ళు లేని బకెట్టుతో నిండు గ్లాసు తొణక్కుండా ఎత్తగలడు. నేను ఉన్నచోట ఆ బకెట్టు ఆపడం వాడికి చేతగాని పని కాదు. ఆపుతాడో లేదో నాకు తెలియదు. తెలియనిది తెలియదనే రాస్తున్నాను.

రేపు, ఆదివారం. ఆరున్నరకు నేను పడమటి సగంలోకి దిగుతాను. ఆ రెండు జతల కాళ్ళ పక్కన, తవ్వని సగానికి ఎదురుగా, మొహం మిషను వైపు పెట్టి కూర్చుంటాను. ఏడింటికి మిషను వస్తుంది. ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు.